ఆడపిల్ల సంతకం, సెలోపెహాదు కుమార్తెల మాట

నాన్న పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిపోయింది. పాస్టరు గారు చివరి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లిపోయారు. గోపాలపట్నంలో ఆ ఇంటి ముందు టెంట్‌హౌస్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి ఉన్నాయి, వ్యాను ఇంకా రాలేదు. లోపల పెద్దకొడుకు ప్లాస్టిక్ ఫైలు విప్పాడు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటిపన్ను రసీదులు, వాటి పైన దస్తావేజులు రాసేవాడు టైపు చేసి ఇచ్చిన నాలుగు పేజీలు. “చెల్లెమ్మా, ఇప్పుడు వీటి మీద సంతకాలు పెట్టెయ్. రేపు పొద్దున్నే రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేసేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోదువుగాని.” ఆమె చదవలేదు. చదువుకోమని ఎవరూ అనలేదు. అది హక్కు విడుదల దస్తావేజు: నాన్న ఇంట్లో తనకున్న వాటాని అన్నదమ్ములకి వదిలేస్తున్నానని అందులో ఉంది. ఎదురుగా గోడ మీద ఆ ఏటి వాగ్దాన కార్డు వేలాడుతోంది. “మనోహర స్థలములలో నాకు పాలు ప్రాప్తించెను, శ్రేష్ఠమైన స్వాస్థ్యము నాకు కలిగెను.”

ఊహించి రాసిన ఇల్లే ఇది. కానీ విశాఖలో సంఘాలకి వెళ్లే కుటుంబాల్లో ఎవరికీ కొత్తగా అనిపించదు. అక్కడ ఎవరూ గొంతు పెంచలేదు. కోర్టు లేదు, లాయరు లేదు. అందుకే దాన్ని ఆస్తి తగాదా అని ఎవరూ అనరు. ‘వాళ్లింట్లో పంపకాలు చక్కగా జరిగిపోయాయి’ అని మెచ్చుకుంటారు. వారసత్వం గురించి బైబిలు చెప్పే మాటల్ని మన జీవితానికి అన్వయించాలంటే కోర్టుకెక్కిన ఇళ్లని కాసేపు పక్కన పెట్టి, ఇలా చక్కగా జరిగిపోయిన పంపకాల్ని చూడాలి. ఎవరి వాటా ఎంత అన్న లెక్క కంటే ముందు, ఆ పంపకంలో ఎవరి పేరు లేకుండా పోయిందో బైబిలు అడుగుతుంది.

నేల ఎవరిది?

మామూలుగా స్వాస్థ్యం అంటే ఆరోగ్యం. తెలుగు బైబిలు చదివేవాళ్లకి మాత్రం అది తండ్రుల నుంచి వచ్చిన భాగం. కనాను దేశాన్ని చీట్లు వేసి గోత్రాలకి పంచినప్పుడు ఒక్కో ఇంటికి దక్కిన నేల. పిల్లల పుట్టినరోజు కూడికల్లో ‘కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము’ అని చదివేదీ ఆ మాటే. దేవుడి సేవకి కేటాయించిన గోత్రమైన లేవీయులకి మాత్రం నేల ఇవ్వలేదు, వాళ్ల స్వాస్థ్యం తానేనన్నాడు దేవుడు.

ఆ నేల మీద ఇశ్రాయేలీయులకి ఉన్న హక్కు మనం అనుకునే సొంతదారు హక్కు కాదు. భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు, కాబట్టి దాన్ని శాశ్వతంగా అమ్మకూడదు అంటుంది లేవీయకాండం 25వ అధ్యాయం. అప్పులపాలై అమ్ముకున్నా యాభయ్యో ఏట, సునాద సంవత్సరంలో, చేను తిరిగి ఆ కుటుంబానికి రావాలి. ఈలోపు దగ్గరి బంధువు డబ్బు కట్టి విడిపించవచ్చు. అయితే ప్రాకారమున్న పట్టణంలో ఇల్లు అమ్మితే అది వేరే లెక్క. ఏడాదిలోగా విడిపించుకోకపోతే కొన్నవాడికే ఖాయమవుతుంది. చేను బతుకుతెరువు, పట్నంలో ఇల్లు అలా కాదు. అంటే ఆ ధర్మశాస్త్రం ఆస్తి విలువని చూసి కాపలా పెట్టలేదు. అది పోతే ఆ ఇల్లు ఎలా బతుకుతుందన్నది చూసి పెట్టింది. మధురవాడలో, ఆనందపురంలో గజం ఎంత పలుకుతోందన్న దగ్గర మొదలయ్యే మన ఆలోచన ఆ దారిలో లేదు.

నాబోతు కథ ఇక్కడే అర్థమవుతుంది. నాబోతు ద్రాక్షతోట మీద కన్నేసిన రాజు అహాబు ముందు అడిగింది మర్యాదగానే: ఇంతకంటే మంచి తోట ఇస్తాను, కాదంటే వెల ఇస్తాను అన్నాడు. నాబోతు బేరం దగ్గరికే పోలేదు, ఇది మా పితరుల స్వాస్థ్యం అన్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. చట్టప్రకారం జరిగిన భూసేకరణనీ, ఆ తోట కోసం అహాబు భార్య యెజెబెలు చేయించిన నాబోతు హత్యనీ ఒకే గాట కట్టడం తప్పు. కానీ పొలం పోయి, నిర్వాసితులకి ఇచ్చిన ఆర్-కార్డు చేతిలో మిగిలిన ఇళ్లలో, నేలతో పాటు దాన్ని పంచుకునే పద్ధతి కూడా పోయింది. చేను అయితే ముక్కలు చేసి పంచుకోవచ్చు. కార్డు మీద వచ్చే ఉద్యోగం ఒక్కరికే. ఆ ఒక్కరు మిగతా తోబుట్టువులకి ఏం బాకీ ఉన్నారన్నది ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ ఉండదు, మనస్సాక్షిలోనే ఉండాలి.

పెద్దకొడుకుకి రెండు పాళ్లు

పంపకాల దగ్గర బైబిలు తెలిసినవాళ్లు ఎక్కువగా ఎత్తే వచనం ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలోది: జ్యేష్ఠునికి రెండు పాళ్లు. ఆ రెండు పాళ్ల మాటకి ముందున్న మూడు నాలుగు లైన్లు చదివితే సంగతి వేరుగా ఉంటుంది. ఒక మనిషికి ఇద్దరు భార్యలు, ఒకామె అంటే ఇష్టం, ఒకామె అంటే లేదు. ఇష్టం లేని భార్యకి ముందు కొడుకు పుట్టాడు. ఇష్టమైన భార్య కొడుకుని పెద్దవాడిగా చూపించి వాడికి ఎక్కువ ముట్టజెప్పే అధికారం తండ్రికి లేదు. చట్టం చెప్పదలుచుకున్నది అది. అభిమానం ఉన్నవాడికి రాసివ్వాలనే తండ్రి చేతిని పట్టుకుని ఆపిన మాటని, ఈరోజు ఉన్నవాడికే ఇంకా ఎక్కువ కట్టబెట్టడానికి వాడుతున్నారు. పైగా ఇస్సాకు, యాకోబు, యోసేపు, దావీదు, వీళ్లలో ఎవరూ తండ్రికి తొలిచూలు కాదు. పెద్దవాడైన ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని ఒక పూట చిక్కుడుకాయల వంటకానికి వదిలేసుకున్నాడు.

అయిదుగురు అక్కచెల్లెళ్లు

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. బైబిల్లో నాలుగు చోట్ల ఈ అయిదు పేర్లూ వరుసగా కనిపిస్తాయి: సంఖ్యాకాండంలో మూడుసార్లు, యెహోషువ 17లో ఒకసారి. ఆడవాళ్ల పేర్లు అరుదుగా రాసే వంశావళుల్లో ఇది చిన్న విషయం కాదు. వాళ్ల తండ్రి సెలోపెహాదు అరణ్యంలో చనిపోయాడు, కొడుకులు లేరు. పంపకాలు జరగబోతున్నాయి, కొడుకులు లేని ఆ ఇంటికి వాటా లేదు. అయిదుగురూ గుడారం గుమ్మం దగ్గరికి వచ్చారు. మోషే ఉన్నాడు, యాజకుడు ఎలియాజరు ఉన్నాడు, ప్రధానులున్నారు, సమాజమంతా ఉంది. అందరి ముందూ నిలబడి అడిగారు: కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు మాసిపోవాలి? మా తండ్రి అన్నదమ్ములతో పాటు మాకూ స్వాస్థ్యం ఇవ్వండి.

మోషే ‘మీరు ఆశపడుతున్నారు’ అనలేదు. ‘ఇంట్లో మాట్లాడుకోండి’ అని పంపేయనూ లేదు. తనకి తెలియదని ఒప్పుకుని దేవుడి దగ్గరికి తీసుకెళ్లాడు. వచ్చిన జవాబు: వాళ్లు చెప్పింది యుక్తమే. అక్కడితో ఆగకుండా ఆ ఒక్క ఇంటి ప్రశ్న అందరికీ కట్టడ అయింది: కొడుకు లేకపోతే కూతురికి, కూతురూ లేకపోతే అన్నదమ్ములకి, ఆ తర్వాత తండ్రి అన్నదమ్ములకి, ఆపైన దగ్గరి రక్తసంబంధికి. అడగకపోతే రాని చట్టం అది.

ఇక్కడ నిజాయితీగా ఉండాలి. కొడుకులున్న ఇంట్లో కూతురికి సమాన వాటా ఇమ్మని ఆ కట్టడలో లేదు. సంఖ్యాకాండం 36లో గోత్రపు పెద్దలు వచ్చి అభ్యంతరం చెప్తే, ఆ అయిదుగురూ తమ గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలన్న షరతు కూడా పడింది. ఆనాటి గోత్రాల నేల లెక్క వేరు. కాబట్టి ‘బైబిల్లో సమాన వాటా ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చడం ఎంత తొందరో, ‘బైబిల్లో ఆడపిల్లకి వాటా లేదు’ అనడం అంతకంటే తొందర. చూడాల్సింది ఆ కట్టడ ఎటు నడుస్తోందన్నది. యోబు కథ చివర కూతుళ్ల పేర్లు చెప్పి, వాళ్ల అన్నదమ్ములతో పాటు వాళ్లకీ తండ్రి స్వాస్థ్యం ఇచ్చాడని ఉంటుంది. కొడుకులు ఏడుగురు ఉండగానే ఇచ్చాడు, వాళ్ల పేర్లు మాత్రం రాయలేదు. గలతీ పత్రికకి వచ్చేసరికి పురుషుడని స్త్రీ అని లేదు, క్రీస్తువారైతే అందరూ వారసులే. పేతురు మొదటి పత్రిక భార్యల గురించి వాడిన మాట ఇంకా దగ్గరగా తగులుతుంది: జీవమనే కృపావరంలో వాళ్లు ‘మీతో పాలివారు’ అంటుంది. పాలివాడంటే ఎవరో తెలుగు ఊళ్లలో చెప్పక్కర్లేదు. గట్టు పక్కన గట్టున్న వాటాదారు. నిత్యజీవంలో పాలివారైన ఆడవాళ్లు గోపాలపట్నం ఇంట్లో మాత్రం కారని చెప్పడానికి ఏ వచనం దొరుకుతుంది?

నూరేళ్ల నుంచీ ఉన్న చట్టం

భారతీయ క్రైస్తవులు వీలునామా రాయకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకి మూడో వంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం, కొడుకా కూతురా అన్న తేడా లేదు. తొంభై లక్షల ఇల్లు, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకుంటే తల్లికి ముప్పై, ఒక్కొక్కరికీ ఇరవై. పెళ్లయిందా లేదా, కట్నం ఇచ్చారా లేదా అన్నది ఆ చట్టం అడగదు. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు రావడానికి 1986 నాటి రాష్ట్ర సవరణ దాకా, దేశమంతటికీ 2005 దాకా ఆగాల్సి వచ్చింది. క్రైస్తవ ఆడపిల్లకి అంతకుముందు నుంచే ఉంది. కేరళలో తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవులకి వేరే పాత చట్టం ఉండేది. అందులో కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా అయిదు వేల రూపాయలు, రెంటిలో ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో దాన్ని మార్పించింది. సెలోపెహాదు కూతుళ్ల లాగే ఆవిడా అడిగింది కాబట్టే వచ్చింది.

మరి ఇక్కడ చట్టం ముందే ఇచ్చిన హక్కు ఫైలులోంచి ఎలా జారిపోతోంది? ‘పెళ్లికి ఇచ్చేశాం కదా’ అనే ఒక్క మాటతో. 1961 నుంచి కట్నం నేరం. ఆ నేరాన్నే వాటా చెల్లించేసినట్టు రసీదుగా చూపిస్తున్నాం. పైగా ఆ డబ్బు వెళ్లింది ఆమె చేతికి కాదు, అత్తవారింటికి. సంతకం పెట్టకపోతే పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనన్న భయం ఆమెకి ఎప్పుడూ ఉంటుంది. భర్త పోయినా, అత్తవారింట్లో తేడా వచ్చినా తిరిగి రావడానికి ఆమెకున్నది ఆ గుమ్మమే. ఆ భయంతో పెట్టిన సంతకాన్ని ‘ఇష్టపూర్వకంగా’ అని దస్తావేజులో టైపు చేస్తారు. ఆమెకి లెక్క చెప్పి, వాటా విలువ ఎంతో చూపించి, ఆలోచించుకోవడానికి రెండు నెలలు ఇచ్చి, అప్పుడు కూడా ఆమె ‘తమ్ముడికి ఉద్యోగం లేదు, నాది వాడికి రాయండి’ అంటే అది నిజంగా దానం. ఆదరణ కూడిక రోజు సాయంత్రం అలాంటి దానం జరగదు.

ఇంకో అపోహ కూడా తేలిపోవాలి. ‘తాతగారి ఆస్తి కాబట్టి నాన్నకి రాసే హక్కు లేదు’ అనే మాట క్రైస్తవ ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు అనేది క్రైస్తవ వారసత్వ చట్టంలో లేదు. తండ్రి చేతికొచ్చిన ఆస్తి, ఎక్కడి నుంచి వచ్చినా, అతనిదే. అతను వీలునామాలో ఎవరికైనా రాయవచ్చు. చట్టం ఇంత స్వేచ్ఛ ఇచ్చిన చోటే ద్వితీయోపదేశకాండం 21కి పని పడుతుంది.

మారుమనస్సు పొందినవాళ్ల చిక్కు వేరు. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో విశ్వాసంలోకి వచ్చింది మొదటి తరమో రెండో తరమో. హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన మనిషి అందువల్ల తన వారసత్వం పోగొట్టుకోడు, 1850 నాటి చట్టం నుంచీ ఆ రక్షణ ఉంది. కానీ అతను మతం మారాక పుట్టిన పిల్లలకి, వాళ్లు హిందువులుగా లేకపోతే, హిందూ తాతల, మేనత్తల ఆస్తిలో వారసత్వం రాదు. హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ అది. కాబట్టి తాతగారు మనవళ్లకి ఇవ్వాలనుకుంటే వీలునామా రాసి తీరాలి. ఇంకొన్ని ఇళ్లలో ఆదివారం ఒక లెక్క, కాగితాల్లో ఒక లెక్క ఉంటుంది. ఎస్సీ ధ్రువపత్రం పోతే పిల్లల చదువు, ఉద్యోగం ఏమవుతాయోనన్న భయం వెనుక ఉన్న కష్టం తేలికైంది కాదు, దాని మీద తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. కానీ పంపకాల రోజున అదే అడ్డం తిరుగుతుంది. ఏ చట్టం వర్తిస్తే ఎవరికి లాభమో చూసుకుని ఒక కొడుకు ‘మేం హిందువులం’ అంటాడు, ఇంకొకడు నాన్న బాప్తిస్మం రికార్డు తెస్తాడు. తండ్రి విశ్వాసాన్ని పిల్లలు వాటా కోసం వాదించుకునే పరిస్థితి ఆయన బతికుండగా ఒక కాగితం రాసి ఉంటే వచ్చేది కాదు.

అమ్మ ఎక్కడ ఉంటుంది?

పంపకాల్లో రెండోసారి మాయమయ్యే పేరు తల్లిది. చట్టం మూడో వంతు ఇచ్చినా ఆచరణలో ఆమెకి దక్కేది నెల వంతులు: ఈ నెల గాజువాకలో పెద్దవాడి దగ్గర, వచ్చే నెల పెందుర్తిలో చిన్నవాడి దగ్గర. ఒక సంచీ, బీపీ మాత్రలు, పెద్దక్షరాల బైబిలు. ఆమె కట్టించిన ఇంట్లో ఇప్పుడు అద్దెకున్నవాళ్లు ఉంటారు.

చట్టంలోనే ఒక ఖాళీ ఉంది, అది చాలామందికి తెలియదు. కొడుకు చిన్న వయసులో చనిపోయాడనుకుందాం. అతనికి భార్య, పిల్లలు ఉన్నారు. వీలునామా లేకపోతే ఆస్తి అంతా వాళ్లదే, అతన్ని కని పెంచిన తల్లికి పైసా రాదు. పిల్లలు లేకపోతే భార్యకి సగం, తండ్రి బతికి ఉంటే మిగతా సగం ఆయనకి. అప్పుడు కూడా తల్లికి లేదు. కొడుకు జీతం మీద బతికే తల్లి ఉన్న ప్రతి ఇంట్లో ఆలోచించాల్సిన సంగతి ఇది. తిమోతి మొదటి పత్రిక 5వ అధ్యాయం పిల్లలూ మనవళ్లూ తల్లిదండ్రుల రుణం తీర్చడం నేర్చుకోవాలంటుంది, సొంత ఇంటివాళ్లని చూడనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడంటుంది. యేసు సిలువ మీద ఊపిరి అందని స్థితిలో చేసిన ఏర్పాటు కూడా అదే, తల్లిని శిష్యుడికి అప్పగించడం. ఆయనకి పంచడానికి ఆస్తి లేదు. తల్లి ఎక్కడ ఉంటుందన్నది మాత్రం తేల్చి వెళ్లాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పిల్లల మీద ప్రేమతో బతికుండగానే అంతా గిఫ్ట్ డీడ్ చేసేసి చేతులు ఖాళీ చేసుకునేవాళ్లు ఉన్నారు. కతోలికుల బైబిల్లో ఉన్న సీరా గ్రంథం 33వ అధ్యాయం దీన్ని సూటిగా కాదంటుంది: ఊపిరి ఉన్నంతవరకు నీ మీద అధికారం ఎవరికీ ఇవ్వకు, నువ్వు పిల్లల చేతుల వైపు చూడటం కంటే పిల్లలు నిన్ను అడగడం మేలు. ఇవ్వాల్సే వస్తే, జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు మాదేనని, మా పోషణ చూడాలని దస్తావేజులోనే రాయించాలి. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పిన పిల్లల నుంచి ఆస్తి వెనక్కి తీసుకునే వీలుంది, ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. షరతు నోటిమాటగా ఉంటే ఆ పోరాటం కష్టం.

కొర్బాను

సంఘానికి ఆస్తి రాసే విషయంలో బైబిలు మాట కొంచెం కఠినంగానే ఉంటుంది. తల్లిదండ్రులకి చెందాల్సినదాన్ని ‘కొర్బాను’, అంటే దేవుడికి అర్పితం అని ప్రకటించేసి వాళ్లని గాలికి వదిలేసేవాళ్లని మార్కు 7లో యేసు గద్దించాడు. అర్పణ అనే పేరు పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదు. 1925 చట్టంలో 118వ సెక్షన్ ఉండేది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మత, ధర్మ కార్యాలకి ఆస్తి రాస్తే, చనిపోవడానికి కనీసం ఏడాది ముందు రాసి ఉండాలి, ఆరు నెలల్లోగా ఆ వీలునామాని చట్టం చెప్పిన చోట దాఖలు చేసి ఉండాలి. మరణశయ్య మీద ఉన్న మనిషి చేత రాయించుకోవడాన్ని ఆపడం దాని ఉద్దేశం. ప్రధానంగా క్రైస్తవుల మీదే ఈ ఆంక్ష ఎందుకని జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు 2003లో దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు న్యాయమైనదే. అయితే చట్టం పెట్టిన కాపలా పోయింది కాబట్టి ఆ పని ఇప్పుడు సంఘాలది. మంచం మీదున్న పెద్దాయన స్థలం రాస్తానంటే, పాస్టరు గారు మొదట అడగాల్సింది సర్వే నంబరు కాదు. ‘అమ్మగారికి, పిల్లలకి ఈ సంగతి తెలుసా?’ అని. బర్నబా పొలం అమ్మి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు, అది గొప్ప సంగతి. తర్వాతి అధ్యాయంలోనే, పొలం అమ్మి వెలలో కొంత దాచుకున్న అననీయతో పేతురు ‘అది నీ దగ్గరున్నప్పుడు నీదే కదా’ అన్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదని ఆ మాటకి అర్థం.

నా సహోదరునితో చెప్పుము

ఇప్పుడు అసలు చిక్కుముడి. లూకా 12లో ఒకతను జనం మధ్యలోంచి వచ్చి, బోధకుడా, పిత్రార్జితంలో నాకు భాగం పెట్టమని మా అన్నదమ్ముడితో చెప్పు అన్నాడు. మీ మీద నన్ను తీర్పరిగా ఎవరు నియమించారు అన్నాడు యేసు, లోభానికి జాగ్రత్తపడమన్నాడు. ఈ మాట తెలుగులో అచ్చు కావడంలో విశాఖకి పాత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఈ ఊరికి వచ్చి అనువాదం మొదలుపెట్టారు. ఆ పనిలోంచి వచ్చిన సువార్తలు, లూకా సహా, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. రెండు వందల ఏళ్ల నుంచీ చదువుతున్న ఈ వచనాన్ని ఎక్కువగా ఎవరి మీద వాడుతున్నామో చూసుకోవాలి. వాటా అడిగిన చెల్లెలి మీద. ‘ఆస్తి కోసం ఆశపడకమ్మా, పరలోకంలో నీకు స్వాస్థ్యం ఉంది’ అని.

ఆ వెంటనే యేసు చెప్పిన ఉపమానం చూడండి. అందులో లోభి వాటా అడిగినవాడు కాదు. పంట బాగా పండి, కొట్లు చాలక, పాతవి పడగొట్టి పెద్దవి కట్టిస్తానన్నవాడు. అంటే అన్నీ చేతిలో ఉన్నవాడు. లోభం గురించిన హెచ్చరిక ఫైలు ఎవరి చేతిలో ఉందో వాళ్లకే ముందు తగులుతుంది. కొరింథీయులకి పౌలు రాసిన ‘దానికంటే అన్యాయం సహించడం మేలు కాదా’ అన్న మాటా అంతే. తనకి తానుగా చెప్పుకోవాల్సిన మాట అది. అన్యాయం చేస్తున్నవాడు చేయించుకుంటున్నవాడికి చదివి వినిపించేది కాదు. అదే అధ్యాయంలో పౌలు ఇంకొకటీ అడిగాడు: సహోదరుల మధ్య వ్యాజ్యం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా? ఆ పని చేయడానికి మన సంఘాల్లో పెద్దలున్నారు. కానీ రూతు గ్రంథంలో పొలం విషయం తేల్చడానికి బోయజు పదిమంది పెద్దల్ని కూర్చోబెట్టింది ఊరి గుమ్మం దగ్గర, అందరూ వింటుండగా. చందాలు ఎక్కువిచ్చే అన్నయ్య ఇంట్లో భోజనం చేసి చెల్లెలికి నచ్చజెప్పడం ఆ పద్ధతి కాదు.

కుండలో పెట్టిన దస్తావేజు

యిర్మీయా 32లో ఒక భూమి కొనుగోలు ఉంది, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లినవాళ్లెవరికైనా అది బాగా పరిచయమైనట్టే ఉంటుంది. అనాతోతులో పినతండ్రి కొడుకు పొలాన్ని యిర్మీయా ప్రవక్త కొన్నాడు. వెల పదిహేడు తులాల వెండి, త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షుల చేత సంతకాలు చేయించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, తెరిచి చూసుకునే ప్రతి ఒకటి. రెండూ మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకి చెప్పాడు, చాలాకాలం పాడవకుండా ఉండాలి కాబట్టి. బయట బబులోను సైన్యం ఊరిని చుట్టుముట్టి ఉంది. అలాంటి రోజున ప్రవక్త కాగితం పని ఇంత పద్ధతిగా చేశాడు. మనవాళ్లు ‘దేవుడే చూసుకుంటాడు, వీలునామా రాస్తే అశుభం’ అంటారు. హిజ్కియా రాజుకి జబ్బు చేసినప్పుడు యెషయా ప్రవక్త తెచ్చిన మొదటి మాట ఇల్లు చక్కబెట్టుకొమ్మనే.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం తర్వాత గొడవ తగ్గుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి. క్రైస్తవులు ముఖ్యంగా గమనించాల్సింది ఇక్కడే: సాక్షి సంతకం పెట్టిన మనిషికి గానీ, ఆ మనిషి భార్యకి లేదా భర్తకి గానీ ఆ వీలునామాలో ఏదైనా రాసి ఉంటే, వాళ్లకి రాసిన ఆ భాగం చెల్లదు. అల్లుడు దగ్గరున్నాడు కదా అని సాక్షిగా పెట్టిస్తే కూతురి వాటా పోయినట్టే. వీలునామా రాశాక పెళ్లి చేసుకుంటే పాతది రద్దవుతుంది, భార్య పోయి రెండో పెళ్లి చేసుకున్నవాళ్లకి ఇది పెద్ద విషయం. బ్యాంకులో నామినీగా ఉన్నంత మాత్రాన ఆ డబ్బు ఆ మనిషిది అయిపోదు, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమే. ప్రొబేటు, అంటే వీలునామాని కోర్టులో రుజువు చేయించుకోవడం, ఆ భయం కూడా అక్కర్లేదు, 2002 సవరణతో భారతీయ క్రైస్తవులకి ఆ నిబంధన తీసేశారు.

ఎఫెసీ పత్రికలో పరిశుద్ధాత్మని మన స్వాస్థ్యానికి సంచకరువు అన్నారు. సంచకరువు అంటే బయానా. బయానా ఇచ్చినవాడు మాట తప్పడని నమ్మకం. ఆ నమ్మకం ఉన్న మనిషి ఇంట్లో గజాల లెక్క దగ్గర గుప్పిట ఎందుకు బిగియాలి?

కంచరపాలెంలో ఇంకో ఇల్లు ఊహించుకోవచ్చు. షిప్‌యార్డులో చేసి రిటైరైన పెద్దాయన. ఆదివారం ఆరాధన అయి, భోజనాలయ్యాక ముగ్గురు పిల్లల్నీ, కోడళ్లనీ, అల్లుడినీ హాల్లో కూర్చోమన్నాడు. చేత్తో రాసిన చిత్తుప్రతి తీసి పైకి చదివాడు. బ్యాంకులో ఎంత, ఇల్లు ఎవరికెంత, ఊళ్లో స్థలం ఏం చేయాలి, గుడికి ఎంత. మూడు వాటాలూ ఒకటే. కూతురు కళ్లు దించుకుంది. “నాకెందుకు నాన్నా, అన్నయ్యలకి ఇవ్వండి.” పెద్దాయన కాగితం మీంచి తల ఎత్తలేదు. “తీసుకున్నాక నీ ఇష్టమమ్మా. ఇవ్వడం నా పని.” పెద్దకొడుకు ఏదో అనబోయి ఆగాడు. కాసేపు ఫ్యాను శబ్దం తప్ప ఏమీ లేదు. వంటగది గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య అడిగింది, “అన్నీ బాగానే ఉన్నాయి. మరి నేను ఎక్కడ ఉండాలి?”

ఆయన కళ్లజోడు సర్దుకుని, పెన్ను మూత తీసి, ఇంటి గురించి రాసిన పేరాకి పైన ఉన్న ఖాళీలో ఇంకో వాక్యం రాయడం మొదలుపెట్టాడు.